వాగు దాటించిన కుక్క

భూదవ్వకు నమ్మకం అనే జబ్బు ముప్ఫై ఏళ్ళుగా అంటలేదు. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూస్తుంది. నాగిరెడ్డిపేటలో ఎల్లారెడ్డి బస్సు ఎక్కాలంటే ముగ్గురిని అడుగుతుంది. ముగ్గురూ ఇదే బస్సు అంటే, ముగ్గురూ కూడబలుక్కున్నారేమోనని నాలుగో మనిషిని వెతుక్కుంటుంది. ఆలోపు బస్సు కదిలిపోతే, "చూసినవా, నన్ను ఎక్కించుకోవద్దనే ఉన్నడు వాడు" అని దుమ్మెత్తిపోస్తుంది.

అది ఊరికే వచ్చిన బుద్ధి కాదు. ఆమె మొగుడు బాలనర్సయ్య అందరినీ నమ్మిన మనిషి. కడుపునొప్పికి మంచి మందని సంతలో ఎవడో సీసాలో పోసి ఇస్తే, ఇదేంది అని అడగకుండా తాగాడు. మూడో రోజుకు మనిషి లేడు. అప్పటికి భూదవ్వ ఒళ్ళో కొడుకు వెంకటి, ఎనక నలభై మేకలు. "నమ్మి పోయిండు" అని ఒక్క మాట అని కళ్ళు తుడుచుకొని, మంద తోలుకొని పోయింది. ముప్ఫై ఏళ్ళ నుంచి తోలుతూనే ఉంది. ఇప్పుడు వెంకటి వరికోత మిషన్ మీద ఊళ్ళు పట్టుకొని తిరుగుతాడు. కోడలు భాగ్యశ్రీ వాకిట్లో కూర్చొని బీడీలు చుడుతుంది. ముసలామె మాత్రం పొద్దున లేస్తే పోచారం అడివి అంచున, మేకల ఎనక.

మేకలకు కాపలా రెండు కుక్కలు. రాగిరంగుది రాగోడు, నల్లటిది కర్రోడు. లోకంలో ఆమె అనుమానపడనివి ఆ రెండే. చిరుతపులి ఎదురుపడితే రాగోడు వెనక్కి అడుగు వేసినవాడు కాడు. ఆ చిరుతను కూడా భూదవ్వ తిట్టేది కాదు. ఏడాదికి ఒకటో రెండో మేకలు పోతే, "అది దాని పాలు, తిననీ" అనేది. నక్కలైతే ఆమెకు గడియారం. పొద్దు గుట్ట దిగగానే బండల మీద నుంచి నక్కలు కూసేవి. ఆ కూత వినబడితే దొడ్డి తడిక వేసేది. సెల్‌ఫోన్‌లో టైము చూసుకోమని కోడలు అంటే, "అండ్ల ఎవడో కూసుండి తిప్పుతడు. నక్కను ఎవడు తిప్పుతడే?" అనేది.

ఆ ఏడు వానాకాలం రాగోడికి కళ్ళ నుంచి పుసులు కారడం మొదలైంది. ముక్కు కారింది. తిండి మానేశాడు. తర్వాత పిచ్చి పిచ్చిగా దవడ కొట్టుకోవడం, ఏమీ లేని గాలిని నమలడం. నోట్లో నురుగు. భూదవ్వ వాడి ముందు కూర్చొని మూడు రోజులు చూసింది. నాలుగో రోజుకు ఆమెకు దొంగ దొరికాడు.

ఆమె మేకలు మలిపే తొవ్వ పక్కనే సత్తార్ మక్కచేను. మనిషి చెడ్డవాడేం కాదు. రంజాన్ నాడు అతని భార్య సఫూరా చేతి సేమియా భూదవ్వ ఇంటికి వచ్చేది, బోనాల నాడు భూదవ్వ అన్నం వాళ్ళింటికి పోయేది. కానీ జబ్బుకు ముందు వారమే రాగోడు మక్కల్లోకి దూరాడని సత్తార్ అరిచాడు.

"అవ్వా, నీ కుక్కను కట్టేసుకో. కంకులన్నీ తొక్కుతున్నది."

"నా కుక్క తొక్కిందా, నీ బర్రె తొక్కిందా? కాలి గుర్తులు చూసినవా?"

"నాకు కుక్క కాలు తెల్వదా?"

"నీకు మనుషుల కాలే తెల్వదు, కుక్క కాలేం తెలుస్తది."

అది జరిగిన రెండు రోజులకు, ఎల్లారెడ్డిలో పురుగుమందుల దుకాణం మెట్లు దిగుతున్న సత్తార్ చేతిలో ఒక పొట్లం కనబడింది. తెల్లగా గుళికలు. భూదవ్వ షేర్ ఆటోలో కూర్చొని చూసింది. మొక్కజొన్న మొవ్వులో పురుగు పడితే వేసే గుళికలవి. ఆ ఏడు చేను పెట్టిన ప్రతివాడూ కొన్నాడు. కానీ ప్రతివాడికీ రాగోడితో గొడవ లేదు కదా. భూదవ్వ మనసులో పొట్లం ఒక దిక్కు, కుక్క నురుగు ఒక దిక్కు, మధ్యలో ముడి పడిపోయింది.

అత్తగారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. మంద కాచిన కుక్క మల్లన్న కుక్క. దాన్ని చంపకూడదు, దొడ్లో చావనియ్యకూడదు. ఇక బతకదని తెలిస్తే నుదుట బండారి పసుపు పెట్టి, పెరుగన్నం ముద్ద తినిపించి, వాగు దాటించి అడివి మొదట్లో విడిచిపెట్టి రావాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఎక్కడ విడిచామో ఎవరికీ చెప్పకూడదు. చెబితే మల్లన్న మంద మీద చెయ్యి తీసేస్తాడని అత్త చెప్పింది. ఎవరి మాటా నమ్మని భూదవ్వ అత్త మాట మాత్రం నమ్మింది. బహుశా అత్త చనిపోయింది కాబట్టి, మళ్ళీ అడిగి సరిచూసుకునే వీలు లేక.

పొద్దున్నే రాగోడి మెడకు తాడు వేసి నడిపించుకొని పోయింది. పెరుగన్నం ముట్టలేదు. మెడలో మూడు మువ్వల తోలుపట్టీ విప్పబోతే పళ్ళు చూపించాడు, తనకు. పన్నెండేళ్ళలో మొదటిసారి. పట్టీ అట్లాగే వదిలేసింది. వాగు దాటి, చింతబండల కింద పడుకోబెట్టి వచ్చేసింది. తిరిగి చూడలేదు. మువ్వల చప్పుడు మాత్రం వాగు దాకా వచ్చింది.

"రాగోడేడి?" అని భాగ్యశ్రీ అడిగింది.

"పోయిండు."

"ఏడ పాతినవ్?"

"నువ్వు ఆకు చుట్టు. నీకెందుకు."

నెలన్నర గడిచింది. ఒక సాయంత్రం భూదవ్వ దొడ్డి ముందు నిలబడి నక్కల కోసం చూస్తూ ఉంది. పొద్దు గుట్ట దిగింది. చీకటి మొదలైంది. కూత లేదు. తడిక వేయాలా వద్దా తెలియక అట్లాగే నిలబడిపోయింది. మరునాడూ లేదు. ఆ మరునాడూ లేదు.

తర్వాత ఎలుకలు దిగాయి. కాలువ కింద వరి కర్రలు మొదట్లో కొరికి పడేశాయి. భాగ్యశ్రీ గంపలో తడిపి పెట్టుకున్న తునికాకును తెల్లారేసరికి జల్లెడ చేశాయి. "గీ ఊళ్ళె ఇన్ని ఎలుకలు యాడున్నయే అత్తా, ఇన్నేండ్లు?" అంటే భూదవ్వ, "పక్కూరోళ్ళు తోలిండ్రు" అన్నది. అడివిపందులు పిల్లలతో సహా, తల్లి వెనక తొమ్మిదేసి, పదేసి, పట్టపగలు సత్తార్ చేనులో పడ్డాయి. ఇంతకుముందు తల్లి వెంట రెండో మూడో మిగిలేవి. మిగతావాటిని నక్కలూ చిరుతా తినేసేవి. ఇప్పుడు తినేవాళ్ళు ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవడో మందు పెట్టాడు. ఎవడు?

ఒకరోజు మిట్టమధ్యాహ్నం నక్క ఒకటి దొడ్డి దగ్గరికే వచ్చింది. మనిషిని చూసి పరుగెత్తలేదు. తల వంచి గాలిని నములుతూ, ఉన్నచోటే గిరగిరా తిరిగింది. కర్రోడు దాని మీద పడి తరిమాడు. రాగోడు నమిలింది కూడా అట్లాగే. "అదే మందు" అనుకున్నది. ఇంకో ఆలోచన తలుపు తట్టింది కూడా, కానీ భూదవ్వ తలుపు తీయలేదు.

బతుకమ్మ పండగ అయిపోయిన వారానికి, సత్తార్ చేనులో చిరుత కనబడింది. పొద్దున తొమ్మిదింటికి, గట్టు మీద కూర్చొని ఉంది. జనం చేరారు, ఫోన్లు తీశారు. అది కదల్లేదు. లేచి రెండు చుట్లు తిరిగింది, ముందు కాళ్ళు మడతపడి పడిపోయింది. నురుగు. మధ్యాహ్నానికి కాలువ పక్కన చచ్చిపోయింది. భూదవ్వ దూరం నుంచి చూసింది. ఎన్నేళ్ళుగానో అడుగుల గుర్తే తప్ప ఒళ్ళు చూపించని జంతువు, పిల్లలంతా రాళ్ళు వేయబోతుంటే అట్లా పడి ఉంది. "సిగ్గు లేకుండ చచ్చిపోయింది" అని గొణిగింది.

అడివిశాఖ నుంచి బీటు చూసే అబ్రాహాము వచ్చాడు. మెత్తటి మనిషి, చేతిలో నోటుబుక్కు. శాంపిళ్ళు హైదరాబాదుకు పంపారు. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి అడిగాడు.

"అవ్వా, నువ్వు దినాం అటే తిరుగుతవు. ఏమన్న చూసినవా?"

"చూసిన."

"ఏం చూసినవు?"

"సత్తారు ఎల్లారెడ్డిల మందు పొట్లం కొన్నది చూసిన. ఇంకొకనాడు కాలువ పక్కన కవర్ల ఏందో పారేసింది చూసిన."

"కవర్ల ఏమున్నది?"

భూదవ్వకు రాగోడు పళ్ళు చూపించిన మొహం కళ్ళ ముందుకు వచ్చింది.

"మాంసం" అన్నది.

అబ్రాహాము రాసుకున్నాడు. ఆమె చూసింది నల్లటి ప్లాస్టిక్ కవరు మాత్రమే.

సత్తార్‌ను ఎల్లారెడ్డి ఆఫీసుకు పిలిచారు. కొట్టలేదు, తిట్టలేదు. "రిపోర్టు రానీ, అప్పటిదాకా ఎటూ పోవద్దు, పిలిస్తే రావాలె" అన్నారు. అంతే. కానీ సత్తార్‌కు ఆ అంతే చాలు. ఇంకో పదిహేను రోజులకు మస్కట్ విమానం ఉంది. మక్కను పందులు తిన్నాక ఊళ్ళో చేసేదేం లేదని, బావమరిది పట్టిచ్చిన కొలువు. చిరుతను చంపినవాడిగా కేసు రాస్తే విమానం కాదు కదా, మెదక్ బస్సు కూడా ఎక్కలేడు. ఊళ్ళో వేళ్ళు తన వైపే చూపిస్తుంటే తట్టుకోలేక, ఎల్లారెడ్డిలో బావమరిది ఇంట్లో ఉండిపోయాడు. ఇక్కడ సఫూరా ఒక్కతే డబ్బా కొడుతూ మిగిలిన మక్క కాపలా కాస్తోంది.

తొవ్వలో ఎదురుపడితే సఫూరా తల తిప్పుకోలేదు. సూటిగా చూసింది.

"అవ్వా, మాంసం చూసినవా నువ్వు? నీ కండ్లతోని?"

"నా కండ్లకేమైంది?"

"ఏం గాలేదు. అందుకే అడుగుతున్న."

భూదవ్వ మేకలను అదిలించి ముందుకు పోయింది. ఆ రోజు ఒక మేకను అనవసరంగా కర్రతో కొట్టింది.

వారం తిరిగేసరికి కర్రోడి కళ్ళలో పుసులు కనబడ్డాయి.

భూదవ్వ మొదట ఎప్పటిలాగే ఆలోచించింది. మందు పెట్టారు. ఎవరు? సత్తార్. కానీ సత్తార్ వారం నుంచి ఎల్లారెడ్డిలో ఉన్నాడు. సఫూరా? సఫూరా చేను విడిచి కదలడం లేదు. కర్రోడు ఇల్లు విడిచి కదలడం లేదు. మరి ఎవరు? ముసలామె పొద్దంతా లెక్క కట్టింది. ఊళ్ళో ఒక్కొక్కరినీ తీసుకొచ్చి కర్రోడి ముందు నిలబెట్టింది. ఎవరూ సరిపోలేదు. జన్మలో మొదటిసారి ఆమెకు అనుమానించడానికి మనిషి దొరకలేదు.

ఆ మరునాడే మేకలకు పారుడు రోగం టీకా వేయడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. పేరు పద్మలత. ముప్ఫై ఏళ్ళుంటాయి, బురద బూట్లు, చేతిలో థర్మాకోల్ డబ్బా. భూదవ్వ మొదట డబ్బా మూత తీసి చూసింది.

"ఐసు ఏడున్నది?"

"అడుగున ఉన్నది అవ్వా."

"సగం కరిగింది. మందు సచ్చిపోయింటది."

"సగమున్నది కదా, బతికే ఉన్నది. చెయ్యి పెట్టి చూడు, చల్లగ లేదా?"

చెయ్యి పెట్టి చూసి, మేకలను పట్టుకున్నది. నలభై రెండింటికి వేసేసరికి మధ్యాహ్నమైంది. చెయ్యి కడుక్కుంటూ డాక్టరమ్మ మూలకు కట్టేసిన కర్రోడిని చూసింది. దగ్గరికి పోలేదు. కళ్ళు చూసింది, ముక్కు చూసింది, చాపుకున్న పంజాల కింద గట్టిపడ్డ చర్మం చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"అవ్వా, ఇంకో కుక్కకు ఇట్లనే అయిందా?"

"అయింది. మందు పెట్టిండ్రు."

"మందు కాదు. మీ మేకలకు పారుడు రోగం వస్తది చూడు, ముక్కు కారుడు, కండ్ల పుసులు, ఒకదాని నుంచి మందంత అంటుడు? దాని అన్నదమ్ముల రోగమే ఇది. కుక్కలది. మేకలకు అంటది, మనుషులకు అంటది అని భయపడకు, అంటదు. కానీ నక్కకు అంటుతది, తోడేలుకు అంటుతది. రోగమొచ్చిన కుక్కను తింటే చిరుతకూ అంటుతది. తలకెక్కితే భయం పోతది, పగలు జనాల్లకు వస్తది, తిరిగిందే తిరుగుతది."

భూదవ్వ కర్రోడి వైపు తిరిగింది.

"ఎండకాలంల బస్‌స్టాండు కాడ కుక్కపిల్లలు సచ్చినయి కదా? ఆడికెల్లి వచ్చింటది మీ కుక్కకు. ఎవల తప్పు కాదు. కానీ అడివిల మొదలు పెట్టిందేదో తెలిస్తే ల్యాబోళ్ళకు తొందరగ తెలుస్తది. వాళ్ళు విషం కోసమే చూస్తున్నరు. ఆ మొదటి కుక్కను ఏడ పాతిండ్రు?"

"పోయింది."

"ఏడికి పోయింది?"

"పోయిందన్న కదా! టీకా ఏసినవ్, పో."

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. కర్రోడిని విప్పొద్దని, ఇంకే కుక్కనూ దగ్గరికి రానివ్వొద్దని, సాయంత్రం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది.

భూదవ్వ వాకిట్లో కూలబడింది. ఆమె బుర్ర ఎప్పుడూ చేసే పనే చేసింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. రాగోడి నురుగు. నక్క నమలడం. చిరుత తిరగడం. కర్రోడి కళ్ళు. వీటి మధ్య ముడి వేయడానికి సత్తార్ అక్కరలేదు. ఒక ముసలిది, ఒక తాడు, వాగు చాలు.

అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. డాక్టరమ్మ ఎవరి పక్షమో ఎవరికి తెలుసు? మేకలను కోడలికి అప్పజెప్పి, కర్ర పట్టుకొని వాగు దాటింది. ఆనవాయితీ ప్రకారం విడిచిన చోటికి మళ్ళీ పోకూడదు. పోయింది. కళ్ళతో చూస్తే తప్ప ఒప్పుకునే మనిషి కాదు కదా.

చింతబండల కింద రాగోడు లేడు. కొంచెం పైకి, రెండు బండల సందులో నక్కల బొరియ ఉంది. ఒకప్పుడు అక్కడ అడుగు పెడితే లోపల నుంచి గుర్రుమనేవి. ఇప్పుడు బొరియ మూతికి సాలెగూడు. దాని ముందు చిన్న చిన్న ఎముకలు, నక్కపిల్లలవి, ఎండకు తెల్లబడి ఉన్నాయి. ఇంకొంచెం పైన, ముళ్ళ చెట్టు కింద, ఇసుకలో ఈడ్చిన జాడ మీద వాన పడి గట్టిపడింది. దాని చివర తోలుపట్టీ. పళ్ళతో చీల్చి ఉంది. మూడు మువ్వల్లో రెండు మిగిలాయి.

భూదవ్వ పట్టీ చేతిలోకి తీసుకుంది. బండారి మరక ఇంకా పోలేదు. చుట్టూ చూసింది. పిట్టలు అరుస్తున్నాయి, కానీ మధ్యాహ్నపు అడివి ఆమెకు తెలిసినట్టు లేదు. నడుస్తున్న మనిషిని ఎవరో చూస్తున్నట్టు ఉండేది ఇంతకుముందు. ఇప్పుడు ఎవరూ చూడటం లేదు.

"పెరుగన్నం పెట్టి పంపిన గదనే రాగా," అన్నది బండతో, "నీతోని నేనేం పంపినట్టు?"

మరునాడు పొద్దున తొమ్మిదింటికి షేర్ ఆటో ఎక్కి ఎల్లారెడ్డి పోయింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆటోవాడే భయపడి, "అవ్వా, ఏడికి పోవాలె?" అని రెండుసార్లు అడిగాడు.

ఆఫీసులో పెద్ద సారు, బల్ల పక్కన అబ్రాహాము. వరండాలో బల్ల మీద సత్తార్, గడ్డం పెరిగి కూర్చొని ఉన్నాడు. ఆమెను చూసి లేవలేదు.

భూదవ్వ కొంగుముడి విప్పి పట్టీని బల్ల మీద పెట్టింది. మువ్వలు మోగాయి.

"ఇదేంది?" అన్నాడు సారు.

"నా రాగోడిది. రోగమొస్తే వాగు దాటించి నేనే ఇడిసిన. నక్కలు తిన్నయి. చిరుత తిన్నది. డాక్టరమ్మ చెప్తది మిగతది, ఆమెను అడుగుండ్రి. జాగ నేను చూపిస్త."

అబ్రాహాము పెన్ను ఆగిపోయింది. "మరి మాంసం అవ్వా? సత్తార్ పారేసిందంటివి?"

భూదవ్వకు అత్త మాట గుర్తుకొచ్చింది. చెబితే మల్లన్న చెయ్యి తీసేస్తాడు. తీసేస్తే తీసేయనీ. నలభై రెండు మేకలకు నిన్ననే టీకా వేయించింది.

"కండ్లు కవరును చూసినయి. మాంసాన్ని నోరు చూసింది."

"అంటే?"

"అంటే చూడలే! ఇంకెట్ల చెప్పాలె నీకు? రాయి. అబద్ధం చెప్పింది అని రాయి."

అబ్రాహాము రాశాడు. ఆమె వేలిముద్ర వేయకుండా చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"చదువు."

చదివాడు.

"మల్ల చదువు. ఈసారి మెల్లగ. నువ్వేం రాసినవో, ఏం సదువుతున్నవో నాకేం తెలుసు."

రెండోసారీ చదివాడు. రెండుసార్లూ ఒకటే ఉంది. అప్పుడు బొటనవేలు ఇచ్చింది.

బయటికి వస్తే సత్తార్ గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"కవర్ల పాడైన సద్దన్నం ఉండె అవ్వా" అన్నాడు. "ఒక్కసారి అడిగితే చెప్తుంటి కదా."

"అడిగితే నువ్వు చెప్పింది నేను నమ్ముతుంటినా?"

సత్తార్‌కు నవ్వు రాలేదు. "నా బిడ్డ అస్మాను బడిల పోరగాండ్లు ఏమన్నరో తెలుసా? 'మీ నాయిన పులిని సంపిండట' అన్నరు. వారం నుంచి బడికి పోతలేదు."

భూదవ్వ నోరు తెరిచింది. తిట్టు ఏదీ రాలేదు. తనను తాను తిట్టుకునే అలవాటు లేక, ఆ మాటలు ఎక్కడ ఉంటాయో తెలియలేదు. "రేపు బడి కాడికి నేనే తోలుకపోత దాన్ని. ఎవడంటడో చూస్త" అన్నది.

తోలుకపోయింది కూడా. బడి గేటు ముందు నిలబడి, అబద్ధం చెప్పింది తానేనని పిల్లలందరికీ వినబడేలా అరిచింది. పంతులు బయటికి వస్తే ఆయన మీద కూడా అరిచింది, కారణం లేకుండా.

అబ్రాహాము, డాక్టరమ్మ ఆమె వెంట వాగు దాటి బొరియ చూశారు, ఎముకలు మూట కట్టుకున్నారు. ఊళ్ళో కుక్కలన్నిటికీ టీకాలు వేస్తామన్నారు. భూదవ్వ గల్లీ గల్లీ తిరిగి కుక్కలను పట్టి ఇచ్చింది. ప్రతిసారీ ఐసు చూసింది.

ఐదో రోజు రిపోర్టు వచ్చింది. చిరుత ఒంట్లో విషం లేదు. రోగం ఉంది. సత్తార్ మీద కాగితం ఏదీ లేదని సారు ఫోన్ చేసి చెప్పాడు. విమానానికి ఇంకా రెండు రోజులు.

అదే పొద్దున కర్రోడు చచ్చిపోయాడు. చివరి రెండు రోజులు భూదవ్వ వాడి పక్కనే కూర్చుంది. తాడు విప్పలేదు. వాగు దాటించలేదు. భాగ్యశ్రీ భయంగా, "అత్తా, దొడ్లనే సావనిస్తవా? మల్లన్నకు..." అంటే, "మల్లన్నకు నేను చెప్పుకుంట. నువ్వు ఆకు చుట్టు" అన్నది.

వెంకటి ఊళ్ళో లేడు. దొడ్డి వెనక నేల గట్టి. ముసలి చేతులకు గడ్డపార లేవడం లేదు. మూడు పోట్లు పొడిచి ఆయాసపడుతుంటే, ఎవరో ఆమె చేతిలో నుంచి గడ్డపార తీసుకున్నారు. సత్తార్. గడ్డం గీసుకున్నాడు, కొత్త అంగీ. చేను దిక్కు పోతూ చూసినట్టున్నాడు. తవ్వడం మొదలుపెట్టాడు.

మోకాలు లోతు తవ్వి ఆగాడు.

"చాలు కదా అవ్వా?"

"చాలదు. పైపైన పూడిస్తే నక్క తవ్వుతది. ఇంకా తియ్యి."

"నక్కలేడున్నయి ఇప్పుడు?"

"ఒకటన్న మిగిలిందేమో నీకెట్ల తెలుసు? తియ్యి."

నడుము లోతు తవ్వాడు. భూదవ్వ గుంతలోకి కర్ర దింపి కొలిచింది. మళ్ళీ ఇంకో మూల కొలిచింది. అప్పుడు ఒప్పుకుంది. కర్రోడి నుదుట బండారి పెట్టి దింపారు, సున్నం చల్లారు, మట్టి పోశారు. పైన బండ పెట్టారు.

సత్తార్ చెమట తుడుచుకుంటూ, "ఎల్లుండి పోతున్న అవ్వా. రెండేండ్లు రాను. సఫూరా ఒక్కతే ఉంటది. యాసంగిల మల్ల మక్కనే పెడుతది, పందులు ఉండనే ఉన్నయి. నీ మేకలు అటే మలుపుతవు కదా. జర చేను చూస్తుండు" అన్నాడు.

భూదవ్వ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఎక్కడ మెలిక ఉందోనని వెతికింది.

"నన్నెట్ల నమ్ముతున్నవు రా?"

"నమ్మకేం జేస్త" అన్నాడు సత్తార్ గడ్డపార గోడకు ఆనిస్తూ. "ఊళ్ళె నీ అంత అనుమానమున్న మనిషి కాపలాకు ఇంకెవరు దొరుకుతరు?"

అతను వెళ్ళిపోయాక భూదవ్వ బండను కాలితో ఒకసారి కదిపి చూసింది. కదల్లేదు. పొద్దు గుట్ట దిగుతోంది. దొడ్డి తడిక దగ్గర నిలబడి, బండల దిక్కు చెవి పెట్టి, కూత కోసం కాచుకుంది.